విదేశంలో చదువు, పార్ట్ టైమ్ పని: ఊరు దాటకముందే తేల్చుకోవాల్సిన లెక్క

విమానం చెన్నైలో ఎక్కుతారు కానీ, పార్ట్ టైమ్ లెక్క మాత్రం నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంట్లో కూర్చునే తేల్చుకోవాలి. అక్కడ దిగాక చూసుకుందామంటే కుదరదు. అద్దె కట్టాలి, అసైన్‌మెంటు ఇవ్వాలి, ఇంటి నుంచి ఫోను వస్తుంది. నిదానంగా ఆలోచించే తీరిక ఎక్కడ ఉంటుంది?

చాలా ఇళ్లలో ఈ లెక్క ఒక్క మాటతో ముగిసిపోతుంది: "వెళ్లాక ఏదో ఒక పార్ట్ టైమ్ చూసుకుని ఫీజు వాడే కట్టుకుంటాడులే." మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఏ కన్సల్టెన్సీవాళ్లయినా ఇదే మాట చెబితే, కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని అడగండి. మర్యాదగానే అడగండి. ఇవ్వరు.

నా మాట ఇది: పార్ట్ టైమ్ డబ్బు బియ్యానికి, బస్సు పాసుకి, అద్దెలో కొంత భాగానికి. ఫీజు, బ్యాంకు అప్పు ఇంటి లెక్కలోనే ఉండాలి. ఈ గీత ముందే గీసుకున్నవాళ్లకు, పని తగ్గించుకోవాల్సిన వారంలో తగ్గించుకునే వీలుంటుంది. గీసుకోనివాళ్లు పరీక్ష ముందు రోజు కూడా షిఫ్టుకు పరుగెడతారు.

1. ఇంట్లో రెండు కాగితాలు రాయండి

మొదటి కాగితం ఇంటిది. అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. విద్యా రుణం 30 లక్షలు, వడ్డీ 11 శాతం అనుకుందాం. మొత్తం సొమ్ము విడుదలయ్యాక ఏడాదికి వడ్డీయే 3,30,000 రూపాయలు, అంటే నెలకు 27,500. చదువు సాగినన్నాళ్లూ, ఆ తర్వాత సాధారణంగా ఆరు నెలలో ఏడాదో కిస్తీలు మొదలు కావు. వడ్డీ మాత్రం బ్యాంకు డబ్బు విడుదల చేసిన రోజు నుంచే నడుస్తుంది. సెమిస్టరుకు ఇంత అని విడతలుగా తీసుకుంటే తీసుకున్న మేరకే వడ్డీ పడుతుంది. మొత్తం ఒకేసారి తెచ్చి ఖాతాలో పెట్టుకోవడం శుద్ధ దండగ. కోర్సు నడుస్తుండగానే వడ్డీ కట్టేవాళ్లకు వడ్డీ శాతంలో కొంత తగ్గించే బ్యాంకులున్నాయి. మంజూరు పత్రం మీద సంతకం పెట్టేముందు ఈ రెండు సంగతులూ మేనేజరును అడగండి. ఇంట్లో ఎవరైనా పాత పన్ను విధానంలో రిటర్ను వేస్తూ, రుణం వారి పేరున ఉంటే, వాళ్లు కట్టే వడ్డీకి (1961 ఆదాయపు పన్ను చట్టంలో 80ఈ సెక్షన్‌గా ఉన్న నిబంధన కింద) ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. ఆ 27,500 ఎవరు కడతారు, ఏ నెలలో కడతారు? ఉద్యోగస్తుల ఇళ్లు తప్పిస్తే మన జిల్లాల్లో డబ్బు నెలనెలా రాదు. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలకు పొగాకు వెళ్లే నెలల్లో వస్తుంది. కోవూరు వైపు వరి కోతలయ్యాక వస్తుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు దగ్గర చెరువుల్లో రొయ్యలు పట్టినప్పుడు వస్తుంది. కాబట్టి కాగితం మీద పన్నెండు నెలలూ వరసగా రాసి, డబ్బు చేతికొచ్చే నెలలకు సున్నా చుట్టండి. ఫీజు గడువు పడే నెల ఏ సున్నాకూ దగ్గరలో లేకపోతే ఆ సొమ్ము ముందే పక్కన పెట్టాలి. రొయ్యల మీద ఆధారపడ్డ ఇల్లయితే ఇంకాస్త జాగ్రత్త అవసరం. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్టు మీద ధర ఎలా జారిపోయిందో చూశాం. కొడుకు ఫీజు కట్టాల్సిన దేశమూ, తండ్రి పెంచిన రొయ్యలను కొనే దేశమూ ఒకటే కావడం మన దగ్గర వింతేమీ కాదు.

రెండో కాగితం అక్కడిది. 2025 అంకెలతో బ్రిటన్ లెక్క చూద్దాం. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 20 గంటలు చేస్తే 244.20 పౌండ్లు, నెలకు సగటున 1,058. అదే ఏడాది మొదట్లో వీసా కోసం జీవన ఖర్చు కింద ఖాతాలో చూపించమన్న మొత్తం లండన్ బయట నెలకు 1,136 పౌండ్లు, లండన్‌లో 1,483. అంటే, బతకడానికి ఇంత కావాలని ఆ ప్రభుత్వమే చెప్పిన అంకెను, మీరు ఒక్క గంట కూడా వదలకుండా పని చేసినా అందుకోలేరు. ఫీజు ఊసు ఇంకా రానేలేదు. పైగా ప్రతి వారం ఇరవై గంటలు దొరుకుతాయన్న హామీ కూడా ఎవరూ ఇవ్వరు.

ఆస్ట్రేలియా కొంచెం నయం. 2025 జులై నుంచి అక్కడి కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. పద్నాలుగు రోజులకు 48 గంటల చొప్పున ఏడాదంతా చేస్తే పన్నుకు ముందు 31,137 డాలర్లు వస్తాయి. వీసాకు చూపాల్సిన జీవన ఖర్చు 29,710. కూడూ గుడ్డా గడుస్తాయి, అంతే.

అమెరికా వెళ్లేవాళ్లకు కాగితం ఇప్పటికే చేతిలో ఉంది: ఐ-20, అంటే ఫీజు, ఖర్చుల అంచనా రాసి విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం. క్యాంపస్‌లో గంటకు 12 డాలర్ల పని దొరికిందనుకుంటే, వారానికి 20 గంటల చొప్పున పదిహేను వారాల సెమిస్టరుకు 3,600 డాలర్లు. ఆ అంకెను ఐ-20లో ట్యూషన్ ఫీజు పక్కన రాసి, ఇంట్లో అందరికీ చూపించండి.

2. వెళ్లే దేశం గంటలను ఎలా లెక్కిస్తుందో తెలుసుకోండి

"వారానికి ఇరవై గంటలు" అన్న మాట అందరికీ తెలుసు. ఆ వారం ఎప్పుడు మొదలవుతుందో కొందరికే తెలుసు. చిక్కంతా అక్కడే వస్తుంది.

బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై కోర్సులవారికి తరగతులు నడిచే కాలంలో వారానికి 20 గంటలు. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. ఒక వారం పది, మరో వారం ముప్పై చేసి సగటు ఇరవై అంటే ఒప్పుకోరు. ఆదివారం రాత్రి పదింటికి ఎక్కి సోమవారం ఉదయం ఆరింటికి దిగే షిఫ్టు చేశారనుకోండి: రెండు గంటలు పాత వారంలో, ఆరు గంటలు కొత్త వారంలో పడతాయి. రెండు చోట్ల పని చేస్తే రెండూ కలిపే లెక్క. సొంత వ్యాపారం, ఫ్రీలాన్స్ నిషిద్ధం. ఫుడ్ డెలివరీ యాప్‌లలో పని చేసేవాళ్లు సాధారణంగా స్వయం ఉపాధి కిందికే వస్తారు కాబట్టి, స్టూడెంట్ వీసా మీద ఆ సంచీ భుజాన వేసుకోవడం నిబంధన ఉల్లంఘనే. ఇంకొకరి ఖాతా అద్దెకు తీసుకుని చేయడం దానికి రెండింతల తప్పు.

ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుంచి పద్నాలుగు రోజులకు 48 గంటలు. ఈ పద్నాలుగు రోజులు ఏ సోమవారం నుంచైనా మొదలుపెట్టి లెక్కిస్తారు. మీరు వరసగా మూడు వారాల్లో 12, 34, 16 గంటలు చేశారనుకుందాం. మొదటి రెండు వారాలు కలిపితే 46, బాగానే ఉంది. రెండో వారం, మూడో వారం కలిపితే 50. పరిమితి దాటేశారు. ఎవరూ చెప్పకపోతే ఈ తప్పు జరిగినట్టు కూడా తెలియదు. కోర్సు మొదలయ్యే రోజు దాకా అసలు పనిలో చేరకూడదన్నది మరో నియమం. పరిశోధన ద్వారా మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవారికి మాత్రం కోర్సు మొదలయ్యాక గంటల పరిమితి లేదు.

కెనడాలో 2024 నవంబరు 8 నుంచి క్యాంపస్ బయట వారానికి 24 గంటలు. జర్మనీ లెక్క రోజుల్లో ఉంటుంది: 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. నాలుగు గంటల లోపు చేస్తే సగం రోజు. ఐర్లండ్‌లో మామూలు రోజుల్లో 20 గంటలు, జూన్ నుంచి సెప్టెంబరు వరకు, డిసెంబరు 15 నుంచి జనవరి 15 వరకు 40.

అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి తరగతుల కాలంలో క్యాంపస్‌లో 20 గంటల వరకే. క్యాంపస్ బయట పని మొదటి విద్యా సంవత్సరంలో లేదనే అనుకోండి. ఆ తర్వాత కూడా సీపీటీ (కోర్సులో భాగంగా చేసే పని), ఓపీటీ (ఎక్కువగా కోర్సు ముగిశాక, చదివిన రంగంలో చేసే పని) లాంటి అనుమతి చేతిలో ఉంటేనే. ఏ సందేహం వచ్చినా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే డీఎస్ఓ అనే అధికారి ఉంటారు, వారికి మెయిల్ పెట్టండి. రూమ్మేటు చెప్పిన మాట రుజువుగా పనికిరాదు, డీఎస్ఓ మెయిల్ పనికొస్తుంది.

ఈ నియమాలు తరచూ మారుతున్నాయి. బయల్దేరే వారంలో ఆ దేశ ప్రభుత్వ వీసా సైటు తెరిచి మీ వీసా రకం పేజీని ఫోనులో దాచుకోండి. రెండేళ్ల క్రితం వెళ్లిన సీనియర్ అప్పటి సంగతి చెబుతారు.

3. వారాన్ని కాగితం మీద పరవండి

మన రొట్టెల పండుగలో, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో, చదువు రొట్టె వేరుగా, ఉద్యోగ రొట్టె వేరుగా పట్టుకుంటారు. రెండింటినీ ఒకే వారంలో ఇరికించే పని మాత్రం మీదే.

వారానికి 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్ర తీసేస్తే 49 పోయాయి. వంట, స్నానం, బట్టలు, సరుకులు అన్నిటికీ రోజుకు మూడు గంటల చొప్పున 21. ప్రయాణాలు పది. ఇక చదువు. ఇక్కడే మన పిల్లలు తక్కువ రాసుకుంటారు. తరగతులు వారానికి పన్నెండు గంటలే కదా, మిగతాదంతా ఖాళీయే కదా అనుకుంటారు. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు పది గంటల శ్రమ అని లెక్క: మొత్తం 1,800 గంటలు. ఏడాదిలో నలభై ఏడు వారాల మీద పరిస్తే వారానికి 38. అమెరికాలో ఒక క్రెడిట్ అంటే వారానికి తరగతిలో ఒక గంట, బయట కనీసం రెండు గంటలు. తొమ్మిది క్రెడిట్లు తీసుకుంటే 27 గంటలు, ప్రాజెక్టులు వేరే.

బ్రిటన్ లెక్కే తీసుకుంటే, 49, 21, 10, 38 కలిపి 118. పనికి ఇరవై వేస్తే 138. ఇంకా ముప్పై మిగిలాయని సంబరపడకండి. జ్వరం వచ్చిన వారం, నాలుగు అసైన్‌మెంట్ల గడువు కలిసి పడ్డ వారం, ఇంటర్వ్యూ ఉన్న వారం ఆ ముప్పైని మింగేస్తాయి. చదువయ్యాక ఉద్యోగం కోసం దరఖాస్తులు పెట్టుకోవడానికి కూడా వారానికి ఐదారు గంటలు అందులోంచే రావాలి. ఎందుకో గానీ ఈ గంటలు ఎవరి కాగితం మీదా కనపడవు. వేలమంది పోటీపడే ఉద్యోగానికి చివరి నెలలో దరఖాస్తులు మొదలుపెడితే ఏం లాభం?

నా సలహా అడిగితే, మామూలు వారంలో పన్నెండు నుంచి పదిహేను గంటలు. గడువులు లేని వారంలో ఇరవై. గడువులు కలిసి పడ్డ వారంలో ఆరు, కుదిరితే సున్నా. మొదటి సెమిస్టరులో అయితే పది దాటకండి. మన కళాశాలల్లో పరీక్షకు ముందు వారం రోజులు గైడు పట్టుకుని గట్టెక్కినవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ ఆ పప్పులుడకవు. మార్కులు సెమిస్టరు పొడవునా క్విజ్‌లు, వ్యాసాలు, గ్రూప్ ప్రాజెక్టుల రూపంలో చిన్న చిన్నగా పడుతుంటాయి. రెండు వారాలు తప్పిపోతే చివర్లో పూడ్చుకునే దారి ఉండదు.

4. మొదటి నెల

దిగిన వెంటనే పని వేటలో పడకండి. మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని వెళ్లండి, ఆ వెసులుబాటే మిమ్మల్ని కాపాడుతుంది. బ్యాంకు ఖాతా తెరవండి. పన్ను లేదా సామాజిక భద్రత నంబరుకు దరఖాస్తు చేయండి: కెనడాలో సిన్, ఆస్ట్రేలియాలో టీఎఫ్ఎన్, బ్రిటన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలంటే ముందు క్యాంపస్‌లో పని ఇస్తామన్న లేఖ చేతిలో ఉండాలి.

ప్రతి సబ్జెక్టుకూ సెమిస్టరు మొదట్లోనే గడువుల జాబితా ఇస్తారు. అన్నిటినీ ఒకే క్యాలెండరులో ఎక్కించండి. ఏయే వారాల్లో మూడు నాలుగు గడువులు గుంపుగా పడుతున్నాయో అప్పుడు కనపడుతుంది. ఆ వారాలకు ఎర్ర గీత కొట్టండి. పనిలో చేరే రోజే సూపర్‌వైజరుకు ఆ తేదీలు చెప్పేయండి: "నవంబరు మూడో వారంలో నాకు పరీక్షలు, ఆ వారం షిఫ్టులు వద్దు." ముందే చెప్పినవారిని మర్యాదగా చూస్తారు. ఆ ముందు రోజు రాత్రి మెసేజి పెట్టినవారిని చూడరు.

విదేశాల్లోని మనవాళ్ల ఇబ్బందులు చూసే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో విద్యార్థిగా పేరు నమోదు చేసుకోవడం కూడా ఈ నెల పనే. పది నిమిషాలు పడుతుంది.

5. ఏ పని తీసుకోవాలి

జీతం ఒక్కటే చూసి పని ఎంచుకోకండి. బ్రిటన్‌లో ఊరి బయట గోదాములో ఆరు గంటల షిఫ్టు దొరికిందనుకోండి. 2025 కనీస వేతనం లెక్కన 73.26 పౌండ్లు. వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, మొత్తం తొమ్మిది గంటలు. ఇంగ్లండ్‌లో బస్సు టికెట్‌కు మూడు పౌండ్ల పరిమితి ఉంది కాబట్టి, రానూ పోనూ ఆరు పౌండ్లు వేసుకుందాం. మిగిలిన 67.26ను తొమ్మిదితో భాగిస్తే మీ గంట విలువ 7.47 పౌండ్లు. ఇంటి పక్క సూపర్ మార్కెట్‌లో నాలుగు గంటలు దొరికినా దానికంటే లాభమే. రాత్రి షిఫ్టు అయితే మర్నాటి తరగతి కూడా పోయినట్టే. తరగతిలో కళ్లు తెరుచుకుని నిద్రపోవడం హాజరు కిందికి వస్తుందేమో కానీ చదువు కిందికి రాదు.

క్యాంపస్ లోపలి పనిని మించింది లేదు. గ్రంథాలయం కౌంటరు, కంప్యూటర్ ల్యాబు, డైనింగ్ హాలు, కొత్త విద్యార్థులకు క్యాంపస్ చూపించే పని. ప్రయాణం లేదు, మీ పరీక్షల తేదీలు వాళ్లకూ తెలుసు. గ్రంథాలయం కౌంటరు దగ్గర రద్దీ లేని వేళ పుస్తకం కూడా తెరుచుకోవచ్చు. డైనింగ్ హాలులో చాలాచోట్ల భోజనం కూడా పెడతారు. అంట్లు కడిగే పని నామోషీ అనుకునేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. వెళ్లేముందే ఆ నామోషీని ఇక్కడే దింపేసి వెళ్లండి.

అమెరికాలో దీనికంటే పై మెట్టు అసిస్టెంట్‌షిప్. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకుంటే జీతంతో పాటు చాలాచోట్ల ట్యూషన్ ఫీజు పూర్తిగానో కొంతగానో తగ్గిస్తారు. ఫీజుకు నిజంగా పనికొచ్చే పని ఇదొక్కటే. పీహెచ్‌డీ విద్యార్థులకు ఎక్కువగా దక్కుతుంది, మాస్టర్స్ వారికి తక్కువ. అయినా ప్రయత్నం మానకండి. నెల్లూరులో ఉండగానే మీ విభాగం ఆచార్యుల పేజీలు చదివి, ఒకరిద్దరికి నాలుగు వాక్యాల మెయిల్ రాయండి: మీరు ఎవరు, వారి ఏ పరిశోధన చదివారు, మీకు ఏం చేయడం వచ్చు, ఎప్పుడు వస్తున్నారు. వందమందికి ఒకే మెయిల్ పంపితే వారికి ఇట్టే తెలిసిపోతుంది.

6. చేతికిచ్చే డబ్బు జోలికి పోవద్దు

"మనవాళ్ల షాపే, మన తెలుగువాళ్లే, లెక్కల్లో చూపించరు, సాయంత్రానికి చేతికిస్తారు." ఈ మాట ప్రతి ఊరిలోనూ ఎవరో ఒకరు చెబుతారు. చెప్పేవారు మంచివారే అయి ఉండవచ్చు. అయినా వద్దు. రశీదు లేని పనికి కనీస వేతనం ఇవ్వరు, ఇవ్వలేదని ఫిర్యాదు చేయలేరు. చేయి కాలినా, నడుం పట్టేసినా బీమా వర్తించదు. అమెరికాలో అనుమతి లేని పని బయటపడితే ఎఫ్-1 హోదా పోతుంది. తర్వాత ఓపీటీ, హెచ్-1బీ ఉద్యోగ వీసా, ఏ దరఖాస్తులోనైనా అది అడ్డం పడుతుంది. మూడు వందల డాలర్ల కోసం ముప్పై లక్షల అప్పును పణంగా పెట్టడం ఏ లెక్కలో చూసినా తప్పే.

ఇంకో వల పని ఆశ చూపించే చదువుది. "చేరిన రోజు నుంచే పూర్తికాలం పని చేసుకోవచ్చు, తరగతులకు వెళ్లనక్కరలేదు" అంటే అక్కడే ఆగండి. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలూ లేవు, పాఠాలు చెప్పేవారూ లేరు. అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖే గుట్టుగా నడిపిన బూటకపు సంస్థ అది. 2019 జనవరిలో ఆ సంగతి బయటపడినప్పుడు చిక్కుకున్నవారిలో మన తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. విద్యార్థులను చేర్పించిన దళారులు జైలుకు వెళ్లారు, చేరినవారిలో ఎంతోమంది దేశం విడిచి రావాల్సి వచ్చింది.

7. జీతం చీటీ చదవడం నేర్చుకోండి

ప్రతి చీటీలో గంటలు, గంట రేటు, కోతలు సరిచూసి ఫోనులో దాచండి. గంటల పరిమితి దాటలేదని నిరూపించుకోవడానికి అదే మీ రుజువు. బ్రిటన్‌లో ఏడాదికి 12,570 పౌండ్ల వరకు ఆదాయపు పన్ను లేదు. చేరిన కొత్తలో తాత్కాలిక పన్ను కోడ్ వేసి ఎక్కువ కోస్తే, తిరిగి అడగవచ్చు. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థుల నుంచి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను కోయకూడదు. కోస్తే జీతాల విభాగాన్ని అడిగి వెనక్కి తీసుకోండి. ఏటా ఏప్రిల్ 15 లోపు 1040-ఎన్ఆర్ రిటర్ను వేయాలి. ఆదాయం లేకపోయినా 8843 ఫారం పంపాలి. భారత్, అమెరికా పన్ను ఒప్పందం కింద భారతీయ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసేముందు ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) వాడుకునే వీలుంది. ఇతర దేశాల విద్యార్థుల్లో చాలామందికి అది లేదు కాబట్టి, వాళ్లను చూసి ఫారం నింపితే మీరే నష్టపోతారు.

8. వంట

చదువు వ్యాసంలో వంటెందుకు అంటారేమో. రోజూ రెండు పూటలా వండుకుంటే వారానికి పది గంటలు పొయ్యి దగ్గరే పోతాయి. ఆదివారం రెండున్నర గంటలు కేటాయిస్తే మూడు నాలుగు రోజుల తిండి డబ్బాల్లోకి ఎక్కుతుంది. చింతపండు గుజ్జు ఒకేసారి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఉల్లిపాయ టమాటా వేయించిన ముద్ద ఇంకో డబ్బాలో పెట్టండి. ఆ రెండూ ఉంటే ఏ పులుసైనా పావుగంట పని. నెల్లూరు చేపల పులుసు మర్నాటికే రుచి అని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ రుచి అక్కడ సమయం కూడా ఆదా చేస్తుంది. గదిలో నలుగురుంటే వంతులు వేసుకోండి, వంతు తప్పినవారు సరుకుల డబ్బు ఎక్కువ ఇవ్వాలని ముందే అనుకోండి. కందిపొడి, పచ్చళ్లు, చిన్న కుక్కరు ఇక్కడి నుంచే వెళ్లాలి. ఆస్ట్రేలియాకైతే తినే వస్తువు ప్రతిదీ దిగేటప్పుడు ఫారంలో రాసి చూపించాలి. దాచి దొరికితే జరిమానా పచ్చడి జాడీ ఖరీదుకు ఎన్నో రెట్లు.

9. ఇంటికి ఫోను

బ్రిటన్‌లో చలికాలం రాత్రి పదింటికి షిఫ్టు దిగితే ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర. అమ్మ ఫోను పక్కన పెట్టుకుని మేలుకునే ఉంటుంది. మీరు నిద్రమత్తులో పొడి మాటలు మాట్లాడతారు, ఆమె మర్నాడంతా దిగులు పడుతుంది. వారానికి రెండు వేళలు స్థిరం చేసుకోండి. "అమ్మా, ఆదివారం మీ మధ్యాహ్న భోజనాలయ్యాక మాట్లాడుకుందాం. మధ్యలో ఏ ఇబ్బందీ లేదంటే చిన్న మెసేజి పెడతాను. అది వస్తే నువ్వు పడుకో."

పెద్దవాళ్లకు కూడా ఒక మాట. ప్రతి ఫోనులోనూ "పని దొరికిందా నాన్నా?" అని అడగకండి. ఎదురింటి అబ్బాయి నెలకు లక్ష పంపుతున్నాడన్న కబురు ట్రంకు రోడ్డు మీద విన్నా మోసుకురాకండి. ఆ లక్ష ఏ రకం పనితో వచ్చిందో, ఆ అబ్బాయి ఎన్ని సబ్జెక్టులు తప్పాడో ఆ కబురులో ఉండదు. "ఈ వారం ఏం చదివావు?" అని అడిగితే చాలు, ఇంట్లో దేనికి విలువ ఉందో పిల్లలకు అర్థమవుతుంది.

10. మార్కులు జారుతుంటే

మొదటి గుర్తు తరగతి మానడం. రెండోది గడువు పొడిగించమని అడగడం. ఈ రెండూ ఒకే నెలలో జరిగాయంటే ఆ వారమే షిఫ్టులు సగానికి తగ్గించండి, మార్కులు వచ్చేదాకా ఆగవద్దు. అనారోగ్యం లాంటి కారణం ఉంటే గడువు దాటకముందే విభాగానికి కాగితాలతో రాయండి. బ్రిటన్‌లో దానికి ప్రత్యేక దరఖాస్తు పద్ధతి ఉంటుంది. "పని ఎక్కువైంది" అన్నది మాత్రం కారణంగా ఒప్పుకోరు.

అమెరికాలో ఒక సబ్జెక్టు వదిలేద్దామనిపిస్తే ముందు డీఎస్ఓ అనుమతి తీసుకోండి. అడగకుండా వదిలి పూర్తికాల చదువుకు కావాల్సిన క్రెడిట్ల కంటే కిందికి పడితే హోదా పోతుంది, అప్పుడు క్యాంపస్ పని కూడా ఉండదు. బ్రిటన్‌లో హాజరు పడిపోతే విశ్వవిద్యాలయం వీసాలు చూసే హోం ఆఫీసుకు తెలియజేయాల్సిందే. ఇలాంటప్పుడు ఇంట్లో దాచకండి. మొదటి కాగితం కలిసి రాసుకున్న ఇంట్లో ఈ మాట చెప్పడం అంత కష్టం కాదు.

11. సెలవులు, కోర్సు చివర

పూర్తిగా సంపాదించుకునే కాలం సెలవులే. ఆస్ట్రేలియాలో సెమిస్టరు సెలవుల్లో, కెనడాలో నిర్ణీత విరామాల్లో, అమెరికాలో వేసవిలో క్యాంపస్‌లో పూర్తికాలం పని చేయవచ్చు. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ చేసేవారు ఇక్కడే తప్పులో కాలేస్తారు: తరగతులు అయిపోయినా, వేసవిలో డిసర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) రాసే నెలలు సాధారణంగా చదువు కాలం కిందికే వస్తాయి. ఇరవై గంటల పరిమితి అలాగే ఉంటుంది. మీ కోర్సు తేదీలను విశ్వవిద్యాలయం నుంచి లేఖగా తీసుకుని యజమానికి ఇవ్వండి.

అమెరికాలో ఓపీటీ దరఖాస్తు కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు పెట్టవచ్చు. తెరుచుకున్న వారంలోనే పెట్టండి. మామూలుగా 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్, గణితం లాంటి కోర్సులకు మరో 24 నెలలు. మొదటి 12 నెలల్లో పని లేకుండా గడిపిన రోజులు మొత్తం 90 దాటకూడదు. పూర్తికాల సీపీటీ 12 నెలలు చేసేశారంటే ఆ స్థాయిలో ఓపీటీ హక్కు పోతుంది, కాబట్టి నెలలు లెక్కపెట్టుకుంటూ వాడండి.

ఆస్ట్రేలియాలో పని చేసి తిరిగి వచ్చేవాళ్లు ఒక సొమ్ము మరిచిపోతుంటారు. అక్కడ యజమాని జీతానికి అదనంగా సూపరాన్యుయేషన్ ఖాతాలో డబ్బు వేస్తాడు, 2025 జులై నుంచి అది 12 శాతం. వీసా ముగిసి దేశం దాటాక ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే 35 శాతం పన్ను కోసుకుని మిగతాది ఇస్తారు. ఆ ఖాతా నంబరు, టీఎఫ్ఎన్, చివరి జీతం చీటీ వచ్చేముందే ఒక ఫైలులో పెట్టి ఇంటికి మెయిల్ చేసుకోండి.